దూరాన ఉన్న కొడుకు



విలియం కేరీగారి పేరు తెలియని బాప్టిస్టు ఇల్లు ఉండదు. చెప్పులు కుట్టుకొనే మనిషి ఓడ ఎక్కి మన దేశానికి వచ్చి, శ్రీరాంపూరులో అచ్చుకూటము పెట్టి, ఎన్నో భాషలలో పరిశుద్ధ గ్రంథమును అచ్చు వేయించాడని ఆదివారపు బడి పిల్లవాడు కూడా గడగడా చెబుతాడు. మేమూ ముప్పై ఏళ్లు పిల్లల చేత అట్లాగే చెప్పించాము. మన తెలుగువారికి ఆయనతో ఉన్న సంబంధమూ చిన్నది కాదు. 1812 మార్చి 11న శ్రీరాంపూరు అచ్చుకూటము తగలబడినప్పుడు, కాలిపోయిన వ్రాతప్రతులలో ఆయన తెలుగు వ్యాకరణం ఒకటి. ఆయన మళ్లీ మొదటినుంచి కూర్చొని వ్రాశారు. అది 1814లో అచ్చయింది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అదే అచ్చుకూటము నుండి వెలువడింది.

ఇవన్నీ మనకు తెలిసిన సంగతులే. ఆయన ముసలి తండ్రి సంగతి, మంచం పట్టిన చెల్లెలి సంగతి, మతి చెదిరిన భార్య సంగతి మాత్రం ప్రసంగపీఠం మీద నుండి విన్నది తక్కువ. ఇంట్లోని వృద్ధులను, మంచాన ఉన్నవారిని ఎట్లా చూసుకోవాలో ఒక వ్యాసం వ్రాయమని మన పెద్దలు అడిగినప్పుడు, హితబోధ చేసే అర్హత మాకు లేదనిపించింది. ఎందుకు లేదో తరువాత చెబుతాము. అందుకని కేరీగారి ఇంటి కథ చెబుతున్నాము.

మన పత్రిక చదివేవారంతా ఊరు విడిచి వచ్చినవారో, అట్లా వచ్చినవారి బిడ్డలో, మనుమలో. కోలారు బంగారు గనులకు వచ్చినవారు, షోలాపూరు, భీవండి మగ్గాలకు వచ్చినవారు, బరంపురంలోనో మద్రాసులోనో రెండు మూడు తరాలుగా స్థిరపడినవారు. మనలో ప్రతి ఇంటికీ వెనుక ఎక్కడో ఒక ఊరు ఉంది. ఆ ఊళ్లో ఒక ముసలి ప్రాణం గుమ్మంలో కూర్చొని దారి చూసింది. కేరీగారూ అట్లా దూరదేశం వచ్చిన కొడుకే. 1793లో బయలుదేరినవాడు 1834లో చనిపోయేదాకా ఒక్కసారి కూడా తన ఊరు తిరిగి వెళ్లలేదు.

ఆ ఊరి పేరు పాలర్స్‌పురి. ఇంగ్లండులో నార్తాంప్టన్ జిల్లాలో ఒక పల్లెటూరు. 1761 ఆగస్టు 17న ఆయన అక్కడ పుట్టారు. తండ్రి ఎడ్మండ్ కేరీ ముందు మగ్గం నేసేవాడు. విలియంకు ఆరేళ్లప్పుడు ఆ ఊరి బడిపంతులు, చర్చి గుమాస్తా పని దొరికింది. మగ్గం గోతి నుండి బడిపంతులు కుర్చీలోకి వచ్చిన మనిషి అంటే మా మనసుకు ఎందుకో దగ్గరగా అనిపిస్తుంది. జీతం చిన్నదే. అయిదుగురు పిల్లలు. విలియం పెద్దవాడు, తరువాత ఆన్, తరువాత టామస్, తరువాత మేరీ, ఆ తరువాత ఇంకొక పాప. మేరీని ఇంట్లో అందరూ పాలీ అని పిలిచేవారు. ఈ పాలీ పేరు గుర్తుంచుకోండి.

ఎండలో పని చేస్తే విలియం ఒంటికి పడేది కాదు. అందుకని తండ్రి నీడపట్టున చేసే చెప్పుల పనికి పెట్టాడు. మొదటి యజమాని 1779లో చనిపోతే, హాకిల్‌టన్ అనే ఊళ్లో టామస్ ఓల్డ్ అనే ఆయన దగ్గర చేరాడు. 1781లో, ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే, డొరతీ అనే అమ్మాయిని పెండ్లి చేసుకున్నాడు. ఆమె ఆయనకంటే అయిదారేళ్లు పెద్దది, చదువు రాదు. పెండ్లి పుస్తకంలో సంతకానికి బదులు గుర్తు పెట్టింది.

కొద్ది ఏళ్లకే ఓల్డ్ కూడా చనిపోయాడు. కేరీ చేతికి వచ్చింది సరిగా నడవని దుకాణం, దానితోపాటు ఓల్డ్ భార్య, ఆమె పిల్లల పోషణ. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. తన ఇంట్లోనే తిండికి ఇబ్బంది. పెద్దబిడ్డ రెండో ఏట జ్వరంతో చనిపోయింది, ఆ జ్వరమే తగిలి ఆయనకు తల మీద జుట్టు ఊడిపోయింది. ఆ కష్టకాలంలో ఆయన తమ్ముడు టామస్, పడుచువాడు, తాను దాచుకున్న కాస్త డబ్బు తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. అట్లాంటి స్థితిలో కూడా యజమాని విధవరాలిని వీధిన పడనీయకుండా కేరీ తన కష్టంలోనే వాటా పెట్టాడు. ఆ రోజుల్లో ఆయన మిషనెరీ కాదు. ఎవరూ చూసి మెచ్చుకొనే పనీ కాదు. ఆయనను గురించి వ్రాసేవారు ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటిపోతారు. మాకు మాత్రం ఇది మిగతా కథకు పునాదిలా కనబడుతుంది.

1783లో నార్తాంప్టన్ దగ్గర నదిలో బాప్తిస్మము తీసుకున్నారు. తండ్రి రాజసంఘమునకు గుమాస్తా, కొడుకు బాప్టిస్టు బోధకుడు. ఇంట్లో అది సులభంగా మింగుడుపడే సంగతి కాదు. 1792 అక్టోబరు 2న కెట్టరింగులో మిషను సొసైటీ ఏర్పడింది. అది ఏర్పడింది వాలిస్ అనే ఒక విధవరాలి ఇంటి వెనుకగదిలో. కేరీ ఇండియాకు వెళ్తానన్నప్పుడు, పిల్లవాడికి మతి పోయిందా అని తండ్రి అనుకున్నాడట. ఏ తండ్రి అనుకోడు? పెద్దకొడుకు, ఎదిగిన కొడుకు, ఓడ మీద అయిదు నెలలు ప్రయాణం చేస్తే గాని చేరలేని చోటికి పోతానంటున్నాడు.

భార్య మొదట రానన్నది. నిండు గర్భిణి. ఆమెను, చిన్నపిల్లలను ఇంటివద్ద వదలి, పెద్దకొడుకు ఫీలిక్సును మాత్రం తీసుకొని కేరీ బయలుదేరారు. ఏవో కారణాల వల్ల మొదటి ఓడ తప్పింది. ఆ ఎడంలో మళ్లీ ఇంటికి వెళ్లి అడిగితే, తన చెల్లెలు కిట్టీ తోడు వస్తే వస్తానన్నది డొరతీ. ఆయన జతగాడు డాక్టరు టామస్, కుటుంబాన్ని అట్లా విడగొడితే బ్రతికినంతకాలం పశ్చాత్తాపపడవలసి వస్తుందని ఆమెను భయపెట్టి ఒప్పించాడు. మూడు నాలుగు వారాల పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ఆ తల్లి 1793 జూన్ 13న ఓడ ఎక్కింది. నవంబరులో కలకత్తాలో దిగారు.

ఇక్కడ మేము ఒక మాట దాచకుండా చెప్పాలి. కేరీగారిని మేము ఎంతో గౌరవిస్తాము. అయినా ఆ స్త్రీని ఆ స్థితిలో ఒత్తిడి చేసి తీసుకురావడం సరియైనదని మేము చెప్పలేము. పెద్దల జీవితాలలో మచ్చలు దాచితే పిల్లలకు నేర్పేదేమీ మిగలదు. దాని ఫలితం ఆమె మీద పడింది. ఆయన మీద కూడా పడింది.

మొదటి ఏడు నెలలు చేతిలో డబ్బు లేదు, నిలవడానికి చోటు లేదు, తల్లీ పిల్లలకు రక్తవిరేచనాలు. తరువాత మాల్దా దగ్గర మడ్నబాటి అనే చోట నీలిమందు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. అక్కడ 1794లో అయిదేళ్ల కొడుకు పీటరు చనిపోయాడు. ఆ దెబ్బతో డొరతీ మనసు విరిగిపోయింది. భర్త తనకు ద్రోహం చేస్తున్నాడని అనుమానం మొదలైంది. ఎవరు ఎంత చెప్పినా తగ్గలేదు. వీధిలో వెంటబడి తిట్టేది. ఒక్కోసారి మీదపడి కొట్టేది. మిగతా విషయాలలో మామూలుగానే మాట్లాడేదట. అందువల్ల కొత్తగా వచ్చినవారికి ఆమె మాట నిజమేమో అనిపించేది కూడా.

1800 ప్రారంభంలో శ్రీరాంపూరుకు మారారు. మార్ష్‌మన్‌గారు, వార్డుగారు, వారి కుటుంబాలు అందరూ ఒకే ఆవరణలో, ఒకే వంటశాలతో కాపురమున్నారు. కేరీగారు ఒక గదిలో పండితులతో కూర్చొని తర్జుమా చేస్తుంటే, పక్కగదిలో ఆమె అరుపులు వినబడేవి. ఆమెను పిచ్చివాళ్ల ఆసుపత్రిలో చేర్పించమని స్నేహితులు సలహా ఇచ్చారు. అది చెడ్డ ఉద్దేశంతో ఇచ్చిన సలహా కాదు. కాని ఆ కాలపు పిచ్చాసుపత్రులు ఎట్లా ఉండేవో ఆయనకు తెలుసు. ఒప్పుకోలేదు. చివరి ఏళ్లలో ఆమెను గదిలోనే కనిపెట్టుకొని ఉంచవలసి వచ్చింది. 1807 డిసెంబరు 8న జ్వరంతో ఆమె కన్నుమూసేదాకా ఇంట్లోనే ఉంచుకున్నారు. సుమారు పన్నెండేళ్లు.

ఈ పన్నెండేళ్లను మన సంఘములలో పెద్దగా చెప్పుకోము. భాషల లెక్క చెబుతాము, గ్రంథముల లెక్క చెబుతాము. ఇప్పుడు మన ఇండ్లలో తొంభై ఏళ్ల దాకా బ్రతికే తల్లులు, తండ్రులు ఉన్నారు. కొందరికి మతిమరుపు జబ్బు వస్తుంది. అన్నం పెట్టిన కోడలినే, నా గాజులు దొంగిలించిందని పక్కింటి వాళ్లకు చెబుతారు. కన్నకొడుకును పట్టుకొని ఎవరు నువ్వు అని అడుగుతారు. అన్నం పెట్టి నింద పడే ఆ కోడలు ఆదివారం గుడిలో వెనుక బెంచీలో కూర్చొని కళ్లు తుడుచుకోవడం మేము చూశాము. ఆమెకు చెప్పడానికి మా దగ్గర ఎప్పుడూ సరైన మాట లేదు. కేరీగారు బైబిలు తర్జుమా చేస్తున్న గదికి ఆనుకొని అట్లాంటి గదే ఉండేదని మాత్రం ఒకసారి చెప్పాము. ఆమె కాస్త తేరుకున్నట్టు కనబడింది.

ఇంకొక సంగతి. ఆ ఏళ్లలో కేరీగారి నలుగురు మగపిల్లలు ఆలనాపాలనా లేక అడవిమొక్కల్లా పెరుగుతుంటే, వారిని దగ్గరకు తీసినది మార్ష్‌మన్‌గారి భార్య హన్నా. ఆ ఆవరణలోనే గ్రాంటు, ఫౌంటెన్, బ్రన్స్‌డన్ అనే మిషనెరీలు వచ్చిన కొద్దికాలానికే ఒకరి తరువాత ఒకరు చనిపోతే వారి భార్యలను, బిడ్డలను పరాయివారుగా చూడలేదు. ఉమ్మడి కుటుంబమంటే మనకు కొత్త కాదు గాని, రక్తసంబంధం లేనివాళ్లు ఉమ్మడిగా బ్రతకడం కొత్తే.

ఇప్పుడు డబ్బు సంగతికి వస్తాము. మన చదువరులకు ముఖ్యమైనది ఇదే.

1801లో కలకత్తా ఫోర్టు విలియం కాలేజీలో కేరీగారు బెంగాలీ నేర్పే ఉపాధ్యాయుడుగా చేరారు. నెలకు 500 రూపాయలు. తరువాత ప్రొఫెసరు అయ్యాక 1000 రూపాయలు. ఆ కాలంలో అది ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోండి. ఆ డబ్బంతా మిషను ఉమ్మడి పెట్టెలో పడేది. తన కుటుంబపు ఖర్చుకు 40 రూపాయలు, కాలేజీకి, గవర్నరు దర్బారుకు వెళ్లడానికి మంచి బట్టల కోసం ఇంకొక 20 రూపాయలు తీసుకొనేవారు. మిగతాది కాగితానికి, అచ్చుకు, బడులకు.

అంతగా ఇచ్చివేసిన మనిషి, అంతా దేవుని పనికే ఇచ్చాను, ఇక ఇంటివాళ్లకు పంపడానికి నా దగ్గరేముంది అని అని ఉంటే ఎవరైనా తప్పు పట్టేవారా? మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ప్రభువు గద్దించినది సరిగ్గా ఆ మాటనే. తల్లిదండ్రులకు చెందవలసినదానిని కొర్బాను అని పేరుపెట్టి చేతులు దులుపుకొనేవారి సంగతి అక్కడ ఉంది. కేరీగారు ఆ దారి తొక్కలేదు. తోటి మిషనెరీలకు తెలిసే, వారి సమ్మతితోనే, పాలర్స్‌పురిలో ఉన్న వృద్ధుడైన తండ్రికి, రోగియైన చెల్లెలు పాలీకి, ఆదుకోవలసిన దగ్గరి బంధువులకు డబ్బు పంపే ఏర్పాటు చేశారు. అది ఒకనాటి దానం కాదు. ఏటేటా చేరే భత్యము. ఆరోజుల్లో కాగితం కప్ప చేరాలన్నా ఇంగ్లండుకు అయిదారు నెలలు. అందుకే కొడుకు గుర్తుకు వచ్చినప్పుడు పంపడం కాక, గుర్తు రాకపోయినా చేరేట్టు ఏర్పాటు చేశాడు. బడిపంతులు కొడుకుకు పద్ధతి తెలుసు.

ఉత్తరాలు వ్రాశారు. తండ్రికి, చెల్లెళ్లకు వ్రాసిన ఉత్తరాలలో తన పని, తన పిల్లల సంగతి, తోట సంగతి ఉండేవి. మొదటి ఏళ్లలో ఉత్తరాలు ఆలస్యమయ్యేవి, కొన్ని దారిలో పోయేవి కూడా. ఇంటినుండి జవాబు రాక నెలలకొద్దీ ఎదురుచూసేవారు. 1816లో, సుమారు ఎనభై ఏళ్ల వయసులో, ఎడ్మండ్ కేరీ చనిపోయాడు. కొడుకు ఇల్లు విడిచి అప్పటికి ఇరవై మూడేళ్లు. తండ్రి పోయిన సంగతి కొడుకుకు తెలిసేసరికి ఆ సమాధి మీద గడ్డి మొలిచి ఉంటుంది.

పాలీ సంగతి ఇంకా కష్టం. పడుచుతనంలోనే ఆమెకు పక్షవాతం వచ్చింది. సుమారు యాభై ఏళ్లు మంచంలోనే గడిచాయి. కుడిచేయి మాత్రం కాస్త ఆడేది. అందులో ఎన్నో ఏళ్లు గొంతు కూడా పోయింది. చెప్పవలసినది పలకమీద వ్రాసి చూపేది. ఆ ఒక్క చేతితోనే అన్నకు ఉత్తరాలు వ్రాసింది, ఆయన పని కొరకు దినదినమూ ప్రార్థించింది. శ్రీరాంపూరు పనికి ఆమె ప్రార్థనే బలమని కొందరు ప్రసంగాలలో చెబుతుంటారు. చెప్పవచ్చు. మేము దానికి ఇంకొక మాట కలుపుతాము.

ఆమెకు డబ్బు శ్రీరాంపూరు నుండి వచ్చింది. మంచం మీద పక్క మార్చినది ఎవరు? ముద్ద నోటికి అందించినది ఎవరు? రెండో సంతానం ఆన్, అంటే హాబ్సన్‌గారి భార్య. ఆ పల్లెటూళ్లో తన కాపురం, తన పిల్లలు, వాటితోపాటు కదలలేని చెల్లెలు. ఆన్ పేరు మీద ఏ కాలేజీ లేదు. ఏ ఆదివారపు బడి పుస్తకంలోనూ ఆమె బొమ్మ లేదు.

మాకు అర్హత లేదని మొదట చెప్పినది ఇందుకే. మేము ట్రైనింగు పూర్తిచేసి బళ్లారి వైపు ఉద్యోగానికి వచ్చినప్పుడు మా అమ్మ కనిగిరి దగ్గర పల్లెలో మా చెల్లెలి దగ్గర ఉండిపోయింది. నెలనెలా ఒకటో తారీఖు దాటకుండా మనియార్డరు కట్టాము. పదిహేను ఏళ్లలో ఒక్క నెల తప్పలేదు. ఆ రసీదులన్నీ ఒక డబ్బాలో దాచుకున్నాము కూడా. దేవుడు అడిగితే చూపిద్దామనుకున్నామో ఏమో. అమ్మ చివరి రెండేళ్లు మంచం మీదే. ఒక క్రిస్మసుకు వెళ్లినప్పుడు, అమ్మ దుప్పట్లు ఉతికి ఉతికి మా చెల్లెలి అరచేతులు పగిలి ఉండడం చూశాము. మా మరిది, పరాయి ఇంటి బిడ్డ, మా అమ్మను రెండు చేతులతో ఎత్తి పెరట్లోకి తీసుకువెళ్తున్నాడు. మేము పంపిన డబ్బు సరిపోతోందా అని అడిగాము. చెల్లెలు సరిపోతోందన్నయ్యా అన్నది. ఇంకేమీ అనలేదు. ఒక నెల సెలవు పెట్టి వచ్చి కూర్చో అన్నయ్యా అని ఆమె అడిగి ఉండవచ్చు, అడగలేదు. మాకు మేముగా తోచలేదు. ఇప్పుడు ఫోనులో నిమిషంలో డబ్బు చేరుతుంది, వీడియోలో ముఖం కూడా కనబడుతుంది. మా మనుమలకు మనియార్డరు ఫారం చూపిస్తే అదేమిటని అడుగుతారు. కాని పక్క మార్చే చేతులు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నవారివే.

కేరీగారి కథలో మాకు కలిగే సందేహం కూడా ఇదే. ఆయన తిరిగి వెళ్లి ఒక్కసారి తండ్రిని చూసి ఉండవలసిందా? అయిదు నెలలు పోను, అయిదు నెలలు రాను, ఆ తర్జుమాలు, ఆ ఇంట్లో జబ్బుమనిషి. వెళ్లడం సాధ్యం కాదనే చెప్పాలి. మనకైతే కనిగిరి ఒక రాత్రి ప్రయాణం.

డొరతీ చనిపోయిన కొద్ది నెలలకే, 1808 మేలో, కేరీగారు షార్లెట్ రూమర్ అనే ఆమెను పెండ్లి చేసుకున్నారు. అంత త్వరగానా అని తోటివారే నొచ్చుకున్నారు. ఆమె డెన్మార్కు రాజ్యపు గొప్పింటి బిడ్డ, చదువరి, ఆరోగ్యం కోసం ఇండియాకు వచ్చి శ్రీరాంపూరులో ఇల్లు కట్టుకున్నది. చిన్నతనం నుండి అవిటితనం, మెట్లు ఎక్కి దిగలేదు, ఎవరైనా మోయవలసిందే. కావాలని రెండోసారి కూడా రోగినే చేసుకున్న మనిషి ఆయన. పదమూడేళ్లు వాళ్లు ఎంతో అన్యోన్యంగా ఉన్నారు. ఆమె తన ఇంటిని మిషనుకు ఇచ్చివేసింది. 1821 మే 30న చనిపోయింది.

ఇంటి గడప దాటి చూసినా ఆయన పద్ధతి అదే. 1799లో హుగ్లీ ఒడ్డున ఒక విధవరాలిని భర్త చితిమీద దహించడం కళ్లారా చూశారు. ఆపమని బ్రతిమాలితే వారు వినలేదు. తరువాత మనుషులను పంపి లెక్క తీయిస్తే, కలకత్తా చుట్టూ 30 మైళ్లలో 1803 ఒక్క ఏడాదిలో 438 మంది అట్లా దహించబడినట్టు తేలింది. కాటిలో అడుగుపెట్టేముందే గంగ ఒడ్డుకు చేర్చబడి, తిండీ మందూ లేక ఉండిపోయే వృద్ధుల గురించీ, కుష్ఠరోగుల గురించీ శ్రీరాంపూరువారు వ్రాశారు, అధికారులకు మొరపెట్టారు. కలకత్తాలో కుష్ఠరోగులకు ఆసుపత్రి ఉండాలని కేరీగారు పట్టుబట్టారు. సతీ దహనం మీద రామమోహనరాయ్‌గారు చేసిన పోరాటం మనందరికీ తెలిసినదే. 1829 డిసెంబరులో బెంటింక్ ప్రభువు నిషేధ చట్టం తెచ్చినప్పుడు దానిని బెంగాలీలోకి తర్జుమా చేసే పని కేరీగారికి వచ్చింది. కాగితం అందినది ఆదివారం. ఆయన ఆ దినపు ప్రసంగం వేరొకరికి అప్పగించి, సాయంత్రానికల్లా తర్జుమా ముగించారు. ఒక్క దినం ఆలస్యమైతే ఎక్కడో ఒక స్త్రీ ప్రాణం పోతుందని ఆయన భయం. ఆదివారం పని చేయనివాడు, ఆ ఆదివారం చేశాడు.

తాను ముసలివాడైనప్పుడు ఆయనను చూసుకున్నవారు ఎవరు? 1823 అక్టోబరులో కలకత్తాలో ఆరాధన ముగించి తిరిగి వస్తూ పడవ దిగేటప్పుడు కాలు జారి తుంటి దగ్గర గట్టి దెబ్బ తగిలింది. దానిపైన జ్వరం. బ్రతకడనుకున్నారు. నెలల తరబడి కర్రల సాయంతో నడిచారు. అప్పుడు దగ్గర ఉన్నది మూడవ భార్య గ్రేస్, ఆమె కూడా విధవరాలు. చివరి ఏడాది ఆయనకు నడక పోయింది. చక్రాల కుర్చీలో తోటలోకి తీసుకుపోయేవారు, మొక్కలను చూసుకొనేవారు. అదీ కుదరనప్పుడు తోటమాలి లోపలికి వచ్చి మొక్కల సంగతి చెప్పేవాడు. మార్ష్‌మన్‌గారు దినమూ వచ్చి పక్కన కూర్చొనేవారు. 1834 జూన్ 9 ఉదయం ప్రభువునందు నిద్రించారు. షార్లెట్ పక్కనే సమాధి చేశారు.

నెలకు వెయ్యి రూపాయలు సంపాదించిన మనిషి పిల్లలకు మిగిల్చినది ఏమీ లేదు. కొడుకు జేబెజ్‌కు 1500 రూపాయలు ఇవ్వాలంటే తన పుస్తకాలు అమ్మి ఇమ్మని మరణశాసనంలో వ్రాయవలసి వచ్చింది.

పాలీ అన్నకంటే ఎక్కువకాలం బ్రతికింది. ఆయన పోయాక జీవితచరిత్ర వ్రాయడానికి పూనుకున్నది యూస్టేస్ కేరీ. ఒకప్పుడు దాచుకున్న డబ్బు తెచ్చి అన్న చేతిలో పెట్టిన ఆ తమ్ముడు టామస్ కొడుకే ఈయన, తానూ మిషనెరీగా ఇండియాకు వచ్చినవాడే. ఆ పుస్తకం 1836లో వెలువడింది. అన్న చిన్నతనం గురించి చెప్పగలిగినవారు అప్పటికి ఇద్దరు చెల్లెళ్లే మిగిలారు. ఇద్దరూ తమకు జ్ఞాపకమున్నదంతా వ్రాసి ఇచ్చారు. ఆన్ వ్రాసినది వంటపని, ఇంటిపని మధ్య. పాలీ వ్రాసినది ఆ ఒక్క చేతితో.

పాలీ వ్రాసిన వాటిలో ఒక చిన్న సంగతి ఉంది. అన్న గదినిండా పక్షులు, పురుగులు, మొక్కలు ఉండేవి. ఎక్కడికైనా వెళ్లేటప్పుడు పక్షులను తనకు అప్పగించి వెళ్లేవాడు. తాను ప్రేమకొద్దీ ఎక్కువ మేత పెట్టి వాటిని చంపేసేది. అన్న తిరిగి వచ్చి చూసి బాధపడేవాడు. కాని తన బాధ చూసి, మళ్లీ పక్షులను తెచ్చి, మళ్లీ తనకే అప్పగించేవాడు. బురద దారిలో ఏదైనా మొక్క కనబడితే చూపించడానికి తనను చంకనెత్తుకొని దాటించేవాడని కూడా ఆమె వ్రాసింది.